మూట విప్పిందెవరు?

మా అన్నయ్యతో నేను సరిగ్గా 9 రోజులు మాట్లాడలేదు. ఆస్తి తగాదా కాదు. వదినతో మాటా మాటా రావడమూ కాదు. ఒక చుక్క, దాని పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు. జీ, జెడ్. అంతే.

నవ్వకండి. కథలు రాసేదాన్ని కాబట్టి కల్పించి చెబుతున్నానని కూడా అనుకోకండి. బి.ఏ.లో చరిత్ర, తెలుగు చదువుకున్నదాన్ని. కంప్యూటరంటే నాకు తెలిసిందల్లా నవల టైపు చేసుకోవడం, పత్రికకి పంపడం, కరెంటు బిల్లు కట్టడం. అలాంటి నేను సర్వరు మూట ఎలా కడుతుందో, బ్రౌజరు దాన్ని ఎలా విప్పుతుందో మీకు చెప్పబోతున్నానంటే అది సరదాకి నేర్చిన విద్య కాదని మీరే గ్రహించాలి.

1985 నుంచి 1988 దాకా మా నాన్నగారికి ఆదిలాబాదులో ఉద్యోగం. బ్యాంకు వాళ్ళకి బదిలీలు మామూలే కదా! మా చదువులు పాడవుతాయని అమ్మ మా ఇద్దర్నీ పెట్టుకుని తెనాలిలోనే ఉండిపోయింది. వారానికో ఇన్‌లాండు ఉత్తరం నాన్నకి రాసేది. అమ్మ ఇన్‌లాండు నింపే తీరు చూడవలసిందే. మధ్య పేజీ అయిపోయాక మడత మీద, మడత అయిపోయాక అంచుల వెంట అడ్డంగా, చివరికి జిగురు రాసే చోట కూడా వదిలేది కాదు. చింపేటప్పుడు జిగురుతో పాటు రెండు మాటలు ఊడిపోయేవి. 'ఆ రెండు మాటలూ ఏమిటో మళ్ళీ ఉత్తరంలో రాయి' అని నాన్న జవాబు రాసేవారు. అలా ఇంకో ఉత్తరం.

ఆ ఉత్తరాలు నాన్న ఒక్కటీ పారెయ్యలేదు. తేదీల వారీగా ఒక రేకు పెట్టెలో దాచారు. 2013లో అమ్మ కూడా పోయాక తెనాలి ఇల్లు అమ్మేశాం. ఇత్తడి సామాను, అమ్మ పట్టుచీరలు, దేవుడి మందసం — నేను వేటినీ అడగలేదు. ఆ రేకు పెట్టె ఒక్కటీ అడిగాను.

"నా దగ్గర ఉంటుందిలే చిన్నీ. చెదలు పట్టకుండా చూస్తాను. కాపీలు తీసి నీకు పంపిస్తాను" అన్నాడు అన్నయ్య. బెంగుళూరు పట్టుకుపోయాడు.

12 ఏళ్ళు. ఒక్క కాపీ రాలేదు. పండగలకి పలకరింపులూ, పెళ్ళిళ్ళలో పక్కపక్క విస్తళ్ళలో భోజనాలూ అన్నీ జరుగుతూనే ఉన్నాయి. పెట్టె సంగతి నేను అడగలేదు, తను ఎత్తలేదు. అడగని బాకీ అది. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఈమధ్య అన్నయ్య ముందుగానే ఉద్యోగం మానుకుని ఇంటి పట్టున ఉంటున్నాడు. ఒకరోజు పొద్దున్నే ఫోనులో మెసేజి. 'అమ్మ ఉత్తరాలు 143. అన్నీ నేనే టైపు చేశాను. ఒకే ఫైలు. 180 కేబీ. దింపుకో.' కింద ఒక లింకు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు.

ఎక్కువ ఉండదు కూడా. మా అన్నయ్యకి పొదుపుగా మూట కట్టడమంటే పిచ్చి. చిన్నప్పుడు తిరపతి ప్రయాణానికి నలుగురి బట్టలూ ఒకే హోల్డాలులో చుట్టి, పైన మోకాలు పెట్టి బెల్టు బిగించేవాడు. మన దేశంలో జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. అప్పటికి తను ఉద్యోగంలో కొత్త. టెలిఫోను తీగె మీద మోడెం కీచుమని అరుస్తూ పనిచేసే రోజులు. 28.8 కిలోబిట్ల మోడెం మీద 930 కేబీ ఫైలు రావాలంటే నాలుగు నిమిషాల పైన పట్టేది. అదే 180కి కుదిస్తే ఒక్క నిమిషం లోపు. ఆ అలవాటు తనకి పోలేదు. ఇప్పుడు సినిమా మొత్తం క్షణాల్లో దిగుతున్నా సరే, ఏ ఫైలైనా కుదించి, చివర చుక్క, జీ, జెడ్ తగిలించి గాని ఎవరికీ ఇవ్వడు.

నేను చేతులు తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. డౌన్‌లోడు అయింది. చూస్తే 180 కాదు, 930 కేబీ ఉంది. సరే, లెక్క తప్పు చెప్పాడనుకున్నాను. దాని మీద నొక్కాను. మూటలు విప్పే ప్రోగ్రామొకటి మా కంప్యూటరులో ఉంది లెండి. అది తెరుచుకుని, ఇది జీజిప్ ఫైలు కాదు పొమ్మంది. మళ్ళీ దింపాను, మళ్ళీ అదే. మూడోసారి కూడా.

ఫోను చేశాను.

"అన్నయ్యా, నీ ఫైలు తెరుచుకోవడం లేదు."

"నేను చూసే పెట్టానే. ఇప్పుడే మళ్ళీ దింపి చూశాను. నిక్షేపంగా ఉంది."

"ఇక్కడ లేదు. సైజు కూడా నువ్వు చెప్పింది కాదు. వేరే ఏదో పెట్టావు."

"నేనేం పెట్టానో నాకు తెలీదా? నీ కంప్యూటరులోనే ఏదో ఉంది."

"నా కంప్యూటరులో కాదు, నీ మనసులో ఉంది" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట! వచ్చాక ఇంక ఆగలేదు. "పెట్టె ఇవ్వడానికీ నీకు మనసు రాలేదు, ఫైలు ఇవ్వడానికీ రాలేదు" అనేశాను.

అవతల ఏ శబ్దమూ లేదు. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు.

మావారు పేపరు దించి నా వంక చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అది.

9 రోజుల తర్వాత శనివారం నాడు మా సింధు హైదరాబాదు నుంచి వచ్చింది. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. మామయ్యతో మాట్లాడటం లేదని తెలిసి కారణం అడిగింది. చెప్పాను. ఫైలు చూపించమంది. చూసి, సైజు రెండుసార్లు చదివి, ఫక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"అమ్మా, మామయ్య చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే. దీన్ని దారిలోనే విప్పేశారు" అంది.

"ఎవరు?"

"నీ బ్రౌజరు."

ఇక్కడి నుంచి కాస్త ఓపిక పట్టి వినండి. నేను రెండు గంటలు విన్నాను.

మనం ఏ పేజీ తెరిచినా, మన బ్రౌజరు ఆ దూరపు సర్వరుకి ఒక చీటీ పంపుతుందట. ఫలానా పేజీ కావాలి అని మొదటి పంక్తి. కింద మరికొన్ని పంక్తులు. వాటిలో ఒకటి 'యాక్సెప్ట్ ఎన్‌కోడింగ్'. 'అయ్యా, నాకు జీజిప్ కట్టు విప్పడం వచ్చు, డిఫ్లేటు వచ్చు, బ్రోట్లీ వచ్చు. వీటిలో దేనితో కట్టి పంపినా పరవాలేదు' అని చెప్పుకోవడమన్నమాట. ఈమధ్య జెడ్‌స్టాండర్డు అని ఇంకొకటీ ఆ జాబితాలో చేరింది. సర్వరుకి వాటిలో ఏదైనా కట్టడం వస్తే అలా కట్టి, పైన చీటీ అంటించి పంపుతుంది. రాకపోతే విడిగానే పంపుతుంది. బ్రౌజరు ఆ చీటీ చదివి, కట్టు విప్పి, లోపలి పేజీ మన ముందు పరుస్తుంది. రోజంతా మనం చదివే పేజీల్లో నూటికి తొంభై ఇలా మూటల్లో వచ్చి, మన గుమ్మంలో విప్పుకున్నవే అంటే నమ్ముతారా? (ఆ తొంభై అన్నది నా నోటి మాట, లెక్క కాదు సుమండీ.)

కాకినాడ నుంచి మా పిన్ని ఏటా ఆవకాయ పంపుతుంది. జాడీకి వాసెన కట్టి, పాలిథిన్ కవరు తొడిగి, గోనెసంచిలో పెట్టి, పురికొసతో బిగించి బస్సులో వేయిస్తుంది. మేం గోనె విప్పి ఒక మూల పడేస్తాం. ఆవకాయ ఎలా ఉందో పిన్నికి చెబుతాం గాని గోనె ఎలా ఉందో చెప్పం కదా! అలాగే ఈ కట్టు కూడా. ప్రయాణానికే.

"మరి అంత లావు ఫైలు అంత చిన్నదెలా అవుతుందే? అందులో అమ్మ మాటలు కొన్ని పోతాయా?" అని అడిగాను. నా భయం అదీ. ఫోటోలు కుదిస్తే మొహాలు అలుక్కుపోవడం చూశాను.

ఒక్క అక్షరం పోదంది. ఒక్క పొల్లు కూడా పోదంది. ఫోటోలు కుదించే పద్ధతి వేరు, ఇది వేరు. అదెలాగో సింధు బొమ్మలు గీసి చెప్పింది గాని నాకు ఎక్కలేదు. తర్వాత నా అంతట నేనే చదువుకుని, నా భాషలోకి తెచ్చుకున్నాను.

కీర్తనల పుస్తకాలు చూసే ఉంటారు. పల్లవి ఒకసారి పూర్తిగా వేస్తారు. ప్రతి చరణం తర్వాతా పల్లవి మళ్ళీ పాడాలి. కాని మళ్ళీ మళ్ళీ అచ్చు వెయ్యరు. పల్లవిలో మొదటి మాట ఒక్కటీ నిలువు గీతల మధ్య పెట్టి ఊరుకుంటారు. పాడేవాళ్ళు వెనక్కి వెళ్ళి అందుకుంటారు. సరిగ్గా ఇదే పద్ధతి! ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే, మళ్ళీ రాయకుండా 'వెనక్కి ఇన్ని అడుగులు వెళ్ళి, అక్కడినుంచి ఇన్ని అక్షరాలు తెచ్చుకో' అని గుర్తు పెట్టడం. 1977లో అబ్రహాం లెంపెల్, జాకోబ్ జివ్ అనే ఇద్దరు పండితులు కనిపెట్టారు. ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలో టెక్నియాన్ అనే విద్యాసంస్థ వాళ్ళు. మా అమ్మ ఉత్తరాల్లో 'పాలవాడు', 'పెద్దాడు', 'చిన్నది', 'మీ ఆరోగ్యం జాగ్రత్త' ఎన్నిసార్లు వచ్చి ఉంటాయో ఊహించుకోండి. అన్నీ వెనక్కి చూపించే వేళ్ళే అయిపోతాయి.

దీనికొక హద్దుంది. జీజిప్ 32,768 బైట్ల వెనక వరకే చూస్తుంది. అంతకు ముందు వచ్చిన మాట దానికి గుర్తుండదు. అంటే మా అమ్మ లెక్కలో అయిదు ఉత్తరాల వెనక. నాకు మాత్రం 12 ఏళ్ళ కిందటి మాట అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది!

దీని మీద రెండో కిటుకు ఒకటి ఉంది. నాకు బాగా నచ్చింది అదే. 1951లో అమెరికాలో, ఎం.ఐ.టి.లో, రాబర్ట్ ఫానో అనే ప్రొఫెసరు తన క్లాసు పిల్లలకి ఒక వరం ఇచ్చాడు. 'పరీక్ష రాయండి, లేదా ఈ చిక్కు ప్రశ్న మీద వ్యాసం రాసివ్వండి' అని. డేవిడ్ హఫ్‌మన్ అనే కుర్రవాడు వ్యాసానికి ఒప్పుకున్నాడు. నెలల తరబడి తల బద్దలు కొట్టుకుని, ఇక లాభం లేదు, పరీక్షకే చదువుకుందామని నిర్ణయించుకున్నాడు. సరిగ్గా అప్పుడే జవాబు తట్టింది. గురువుగారు కూడా అప్పటికి తేల్చలేకపోయిన జవాబు! 1952లో అచ్చయింది. కిటుకు ఏమిటంటే, మాటిమాటికీ వచ్చేవాటికి పొట్టి గుర్తు, ఎప్పుడో గాని రానివాటికి పొడుగు గుర్తు ఇవ్వడం.

ఇది మన ఇళ్ళల్లో తెలియనిదెవరికండీ? రోజుకి నలభైసార్లు పిలవాల్సినవాళ్ళు 'ఒరే', 'ఏమే', 'చిన్నీ'. ఏడాదికోసారి వచ్చేవాళ్ళు 'కాకినాడ పెద్దమామయ్యగారి రెండో అబ్బాయి తోడల్లుడు'. ఈ సూత్రం ప్రకారం నేను మావారిని 'ఏమండీ' అని మూడక్షరాలతో పిలవడం దండగే. ఆయన నన్ను 'ఇదిగో' అంటారు. అదీ మూడే. సరిపోయింది.

ఈ రెండు కిటుకుల్నీ కలిపినదాన్ని డిఫ్లేటు అంటారు. ఫిల్ కట్జ్ అనే ఆయన తన జిప్ ప్రోగ్రాము కోసం తయారుచేశాడు. ఆ రోజుల్లో యూనిక్స్ యంత్రాల మీద 'కంప్రెస్' అనే వేరే ప్రోగ్రాము వాడేవారు. దాని లోపలి పద్ధతికి పేటెంటు ఉంది. వాడుకున్నవాళ్ళు డబ్బు కట్టాలేమోనన్న భయం. అమెరికాలో ఆ పేటెంటు గడువు 2003 దాకా తీరలేదు. అందుకని 1992లో ఫ్రాన్సువాడైన ఝాఁ-లూ గయీ, అమెరికావాడైన మార్క్ ఆడ్లర్ కలిసి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చునంటూ జీజిప్ రాసి ఇచ్చారు. ఇప్పటికీ లోకమంతా వాడుతోంది.

ఇంతవరకూ పరాయివాళ్ళ గొడవ. ఇక మన తెలుగు దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో అక్షరానికి ఒక బైటు చాలు. మనకి మూడు కావాలి. గుణింతపు గుర్తు పెడితే దానికి మరో మూడు. 'తెలుగు' అన్న మాట మనకి మూడక్షరాలే గాని కంప్యూటరుకి ఆరు ముక్కలు, 18 బైట్లు! ఎంత అన్యాయం అనిపించింది. కాని ఆ మూడు బైట్లలోనూ మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176, కాకపోతే 177. మూడోది ఒక్కటే మారుతూ ఉంటుంది. ఇంత పునరుక్తి దొరికితే జీజిప్ ఊరుకుంటుందా? అందుకే 930 కాస్తా 180 అయింది. మనకి వేసిన అదనపు పన్ను, మూట కట్టేటప్పుడు చాలావరకు తిరిగి వచ్చేస్తుందన్నమాట.

బ్రోట్లీ అన్నాను చూడండి. అది గూగుల్ కంపెనీవాళ్ళు తయారుచేసింది. 2016లో దానికి ప్రమాణ పత్రం వచ్చింది. స్విట్జర్లాండులో మాట్లాడే జర్మన్ యాసలో బ్రోట్లీ అంటే చిన్న రొట్టె. దాని కడుపులో ముందుగానే ఒక చిన్న నిఘంటువు కూరిపెట్టారు. దాదాపు 120 కేబీ. తరచుగా వచ్చే మాటలు అందులో ఉంటాయి కాబట్టి వాటిని మొదటిసారి కూడా పూర్తిగా రాయనక్కర్లేదు. ఇంగ్లీషు, స్పానిషు, చైనా, రష్యా, అరబ్బీ, హిందీ — ఇవీ అందులోని భాషలు. తెలుగు లేదు. వెతికి చూసి, కాస్సేపు నొచ్చుకున్నాను. నిఘంటువు కూడా అక్కర్లేని పని మా అమ్మ చేసేది. 'ఉభయకుశలోపరి' అని ఒక్క మాట రాసేది. ఇక్కడ మేం బాగున్నాం, అక్కడ మీరు బాగున్నారని తలుస్తాం, ఇక పై సంగతులు అని దానర్థం. ఆ ఒక్క మాటలో ఎన్ని మాటలున్నాయో ఆదిలాబాదులో నాన్నకి తెలుసు.

సరే. మరి నా ఫైలుకి వచ్చిన చిక్కేమిటి?

సర్వరు అంటించే చీటీలో ముఖ్యంగా రెండు పంక్తులుంటాయి. ఒకటి 'కంటెంట్ టైప్'. లోపలి సరుకేమిటో అది చెబుతుంది. రెండోది 'కంటెంట్ ఎన్‌కోడింగ్'. ప్రయాణం కోసం పైన కట్టిన కట్టేమిటో ఇది చెబుతుంది. రెండోదాన్ని చూస్తే బ్రౌజరు మారు మాట్లాడకుండా విప్పేస్తుంది. విప్పానని మనకి చెప్పదు కూడా.

మా అన్నయ్య కట్టింది ప్రయాణపు కట్టు కాదు. పెళ్ళి బహుమతికి రంగు కాగితం చుట్టిస్తామే, అలాంటిది. ఆ కాగితంతో సహా అది బహుమతే. తీసుకున్నవాళ్ళు తమ చేత్తో విప్పుకోవాలి. కాని అన్నయ్య ఆ ఫైలు పెట్టిన అద్దె సర్వరు — దాని యజమానులెవరో మనకెందుకు లెండి — ఫైలు పేరు చివర చుక్క, జీ, జెడ్ చూసి, అది సరుకులో భాగమని అనుకోలేదు. గోనె అనుకుంది. 'లోపల ఉన్నది మామూలు రాత. పైన ఉన్నది జీజిప్ కట్టు' అని చీటీ రాసి పంపింది. మా బ్రౌజరు వినయంగా కట్టు విప్పింది, లోపలి రాతను భద్రంగా దించింది. పేరు మాత్రం పాతదే ఉంచింది, చివర తోకతో సహా. నేనేమో విప్పేసిన బహుమతి పట్టుకుని, రిబ్బను ముడి ఎక్కడుందా అని కత్తెరతో వెతుకుతున్నాను!

"మరి మామయ్యకెందుకు బాగానే వచ్చింది?"

"మామయ్య బ్రౌజరుతో చూడడు కదమ్మా! కర్ల్ అని ఒక పనిముట్టు ఉంది, దాంతో తెప్పించుకుంటాడు. ప్రత్యేకంగా అడిగితే తప్ప అది ఏ కట్టూ విప్పదు. వచ్చింది వచ్చినట్టే పెడుతుంది. అందుకే తనకి 180, నీకు 930."

బ్రౌజర్లన్నీ కూడా ఒకలా ఉండవట. కొన్ని, పేరు చివరి తోక చూసి, ఇది దింపుకునే మూటలే అని ముట్టుకోకుండా వదిలేస్తాయి. నా పాలిటికి వచ్చినది అలాంటిది కాదు. ఆ చీటీలో ఎన్‌కోడింగ్ పంక్తి తీసేసి, సరుకే జీజిప్ మూట అని టైప్ పంక్తిలో రాయమంటే సరిపోతుందట. ఒక్క పంక్తి తేడా.

సింధు అక్కడితో ఆగలేదు. ఫైలులోని మొదటి బైట్లు తెర మీద పరిచి చూపించింది. జీజిప్ మూట ఏదైనా సరే 31, 139 అనే రెండు అంకెలతో మొదలవుతుంది. మూటలు విప్పే ప్రోగ్రాము ముందుగా చూసేది వాటినే. చివర ఎనిమిది బైట్లలో ఒక సరిచూపు సంఖ్యా, మొత్తం ఎన్ని బైట్లో లెక్కా ఉంటాయి. వెనకటికి చాకలి పద్దు చివర మొత్తం ఇన్ని బట్టలని వేసుకునేవాళ్ళం కదా, అలా. నా ఫైలు మొదట్లో 31 లేదు, 139 లేదు. 224, 176, 182 అని ఉన్నాయి.

"ఇదేమిటో చెప్పుకో అమ్మా."

"నాకేం తెలుసే?"

"తెలుగులో 'శ'."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతుకి ఏదో అడ్డం పడింది. అమ్మ ఏ ఉత్తరమైనా పైన మధ్యలో 'శ్రీరామ' అని రాసి గాని మొదలుపెట్టేది కాదు. అన్నయ్య దాన్ని కూడా వదలకుండా టైపు చేశాడు. ఆ 'శ్రీ'ని చూసే ప్రోగ్రాము, ఇది మూట కాదు పొమ్మన్నది! నిజమే చెప్పింది పాపం.

సింధు ఫైలు పేరు మీద నొక్కి, చివరి చుక్క, జీ, జెడ్ చెరిపేసింది. రెండుసార్లు తట్టింది. తెర నిండా అమ్మ.

నేను చదవలేదు. ముందు ఫోను తీసుకున్నాను. అన్నయ్యే ఎత్తాడు.

"తెరుచుకుందా?" అన్నాడు. హలో అనైనా అనలేదు.

"ఆ. నీది తప్పేం లేదు. నా కంప్యూటరుదీ లేదు. ఆ సర్వరు చీటీ తప్పు రాసింది" అని మొదలుపెట్టి, నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. తను ఈ పనిలోనే ముప్ఫై ఏళ్ళున్నవాడు. అయినా మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

"నాకు తట్టవలసిందే. సైజు వేరుగా ఉందని నువ్వు చెప్పావు. నేను వినిపించుకోలేదు" అన్నాడు.

"ఆ రోజు అన్న మాటలు..." అన్నాను.

"ఉన్న మాటే కదే. కాపీలు పంపుతానన్నాను, పంపలేదు." కాస్సేపు ఊరుకున్నాడు. "ఆ పెట్టె మూత తీయడానికే నాకు పదేళ్ళు పట్టింది చిన్నీ. తీశాక కూడా రోజుకి ఒక్కటి కంటే టైపు చెయ్యలేకపోయాను. మీ వదిననడుగు. ఒక్కోరోజు అదీ లేదు."

నాకు ఏమనాలో తోచలేదు. ఈ 12 ఏళ్ళూ ఆ పెట్టె తన దగ్గర తెరిచే ఉందనీ, తను రోజూ చదువుకుంటున్నాడనీ, నాకే లేకుండా పోయిందనీ నేను అనుకుంటున్నాను.

"62వ ఉత్తరం చదివావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"చదివి మళ్ళీ చెయ్యి" అని పెట్టేశాడు.

1986 సెప్టెంబరు ఉత్తరం అది. చింతపండు ధర, పక్క వాటాలో దిగిన కొత్తవాళ్ళు, నాన్న పంపిన డబ్బులో దేనికెంత పోయిందో ఆ లెక్క. తర్వాత ఇలా ఉంది. 'పెద్దాడు చిన్నదానికి సైకిలు నేర్పుతానని తీసుకుపోయి పడేశాడు. ఇద్దరూ నాకు చెప్పలేదు. మోకాలి మీద గౌను లాక్కుంటూ తిరుగుతుంటే నేనే చూశాను. వాడు భయపడి అన్నం తినలేదు. దాన్ని అడిగితే మెట్ల మీద జారానని అబద్ధం ఆడింది. నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను. మీరు కూడా వాడినేమీ అనవద్దు.'

ఆ మచ్చ నా మోకాలి మీద ఇంకా ఉంది.

సాయంత్రం అన్నయ్య మెసేజి పంపాడు. 'చీటీ సరిచేశాను. మళ్ళీ దింపి చూడు.' దింపాను. 180 కేబీ వచ్చింది. ప్రోగ్రాము ఈసారి మారు మాట్లాడకుండా విప్పింది. లోపల మళ్ళీ అదే 930, మళ్ళీ అదే 'శ్రీరామ'. రెండు ఫైళ్ళూ పక్కపక్కనే ఉంచుకున్నాను.

పెట్టెని కొరియరులో వెయ్యమంటావా అని వదిన అడిగింది. వద్దన్నాను. శుక్రవారం రాత్రి రైలుకి బెంగుళూరు టిక్కెట్టు తీయించాను, ఒక్కదానికే. వారం రోజులు మావారి వంట ఆయనదే.